కలపను తూచి ఆరబెట్టండి

ఇల్లు కట్టేవాళ్లు ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం పెట్టించుకుంటారు. దానికి వారం ముందు అడితికి వెళ్లి కలప కొంటారు. కోత మిల్లులో సైజులు కోయించి, వడ్రంగి చేత అతుకులు కొట్టించి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి నిలబెడతారు. ఆ కర్రలో నీరెంతుందో పురోహితుడికి తెలియదు. మేస్త్రికి అనుమానం ఉన్నా నోరు విప్పడు. అమ్మినవాడికి తెలుసు గానీ, మనం అడగలేదు కాబట్టి చెప్పడు. వచ్చే ఎండాకాలానికి బంధానికీ గోడకూ మధ్య సందు పడుతుంది, మూల అతుకు విడుతుంది, గడియ తన చోటికి చేరదు. తిట్లు మాత్రం వడ్రంగికి.

ఆ వారాన్ని ఆరు నెలలు చేసుకోగలిగితే ఈ బాధలు చాలామటుకు ఉండవు. యంత్రాలేమీ అక్కర్లేదు. కాస్త నీడ, చదునైన దిమ్మెలు, ఒకే మందం రీపర్లు, ఒక తూకం మిషను చాలు. పెరట్లో గాలివానకి పడిన వేప అయినా, పొలం గట్టు మీద టేకు అయినా, ముసలి తోటలో కొట్టేసిన మామిడి అయినా పేర్చే పద్ధతి ఒక్కటే. ఏది ఎంత తొందరగా ఆరాలన్నది మాత్రం చెట్టు చెట్టుకీ వేరు. మన ఎండల్లో కర్ర ఆరడం పెద్ద సమస్య కానే కాదు. ఎంత వేగంగా ఆరుతోందన్నది మన చేతిలో ఉంచుకోవడమే అసలు పని.

నీరు ఎక్కడుంటుంది

కలపలో నీటి శాతం చెప్పేటప్పుడు పూర్తిగా ఎండిన కర్ర బరువును వందగా పట్టుకుంటారు. అందుకే బూరుగు లాంటి మెత్తని కర్రలో పచ్చిగా ఉన్నప్పుడు నీరు నూరు శాతం దాటిందంటే ఆశ్చర్యం లేదు. ఆ దుంగను బండి మీద తెచ్చామంటే కర్రకన్నా నీళ్లే ఎక్కువ తోలామన్నమాట. నల్లమద్ది లాంటి బరువైన కర్రలో లోపలి ఖాళీ తక్కువ, కాబట్టి అంత నీరు పట్టదు.

ఈ నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలు గొట్టాల్లో కొంత, ఆ గొట్టాల గోడల్లో ఇంకి కొంత. తడిసిన తుండుగుడ్డను పిండితే నీళ్లు కారతాయి. కారడం ఆగాక కూడా గుడ్డ తడిగానే ఉంటుంది. కర్రలోనూ గొట్టాల నీరు ముందు పోతుంది, గోడల తడి తర్వాత పోతుంది. మొదటి నీరంతా పోయి గోడలు మాత్రం నిండుగా ఉండే దశ దాదాపు 25 నుంచి 30 శాతం దగ్గర వస్తుంది. అప్పటిదాకా కర్ర బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. చాలామంది మోసపోయేది ఇక్కడే: నెల రోజులైంది, పలక తేలికైంది, వంకర పోలేదు, ఇక ఆరినట్టేనని చిత్రిక పట్టిస్తారు. కుదింపు, వంకర, మెలి అన్నీ ఆ గీత దిగాక మొదలవుతాయి.

మంచి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. టేకు పచ్చిగా ఉన్నప్పటికన్నా 12 శాతానికి ఆరేసరికి వంపును తట్టుకునే బలం సుమారు పావు వంతు పెరుగుతుంది. 20 శాతం కిందికి దిగి అక్కడే ఉన్న కర్రకు బూజు పట్టదు, కుళ్లు రాదు, వేసిన పాలిష్ పొరలుగా లేవదు. చెదల లెక్క వేరు, వాటికి ఆరిన కర్ర కూడా తిండే.

కుదింపు అన్ని వైపులా ఒకేలా ఉంటే గొడవే లేదు. పొడవున కర్ర తగ్గేది లెక్కలోకి రానంత. మొద్దు మధ్య నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది, వలయాల వెంబడి దానికి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. టేకులో పచ్చి దశ నుంచి పూర్తిగా ఎండేదాకా ఈ రెండూ సుమారుగా 2.5 శాతం, 5.8 శాతం. మొద్దును వరసగా పలకలు కోస్తే పక్కల్లో వచ్చేవన్నీ వలయాల వెంబడి వెడల్పు తేలినవే. అలాంటి 30 సెంటీమీటర్ల టేకు పలక 12 శాతానికి ఆరేసరికి సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు పోగొట్టుకుంటుంది. మేస్త్రి లెక్కలో మూడు నూళ్లు. నిలకడకు పేరు మోసిన టేకు సంగతే ఇది. నల్లమద్ది ఇంకా ఎక్కువ తగ్గుతుంది. కోయించేటప్పుడే ఆ తరుగు కలిపి కోయించాలి. మొద్దు నడిమి బెండు పలకలోకి రాకుండా చూసుకోవాలి. బెండున్న పలక చీలకుండా ఆరడం అరుదు.

బజారు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అడితిలో ఘనా టేకు, నైజీరియా టేకు అని చూపించేది ఎక్కువగా చిన్న వయసులో కొట్టిన తోటల కర్ర. చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. టేకు అన్న పేరు ఆరిందనడానికి హామీ అవదు. మన దగ్గర కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు కాబట్టి నీటి బరువు బిల్లులో కనపడదు. కానీ పచ్చి కలప ఒక ఘనపుటడుగు కొన్నవాడికి ఆరాక ఘనపుటడుగు మిగలదు. ధర బేరమాడేటప్పుడు ఈ మాట అనడానికి మొహమాటపడకండి.

నల్లమద్దికి నిదానం, మామిడికి తొందర

డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధనా సంస్థ మన దేశపు కలపల మీద దశాబ్దాలుగా పని చేసింది. కలప ఆరబెట్టడం మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 1141 ఉంది. అందులో కలపల్ని మూడు తరగతులు చేశారు: మొండివి, మధ్యస్థమైనవి, సులువుగా ఆరేవి. నల్లమద్ది మొండిది. టేకు మధ్యస్థం. బూరుగు సులువు. ఈ మూడింటికీ ఒకే మందు వేయడం వల్లే సగం కర్ర పాడవుతుంది.

మొండి కర్రలో నీరు లోపలి నుంచి పైకి చాలా నెమ్మదిగా వస్తుంది. పైన వేడిగాలి తగిలితే పైపొర మాత్రం గబగబా ఆరి 30 శాతం గీత దాటేసి కుదించుకోవాలని చూస్తుంది. లోపలి భాగం ఇంకా నిండుగా ఉంది కాబట్టి కదలదు. లోపల కదలక, పైన కుదించుకోక తప్పక పైపొర చిట్లుతుంది. అవే పలక ముఖం మీద కనపడే నెర్రెలు. ఒకసారి పడితే మూసుకున్నట్టు కనిపించినా అతుక్కోవు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ మార్చి నుంచి వీచే వేడిగాలికి నల్లమద్ది పలకల్ని పచ్చిగా వదిలితే వారం చాలు. ఇలాంటి కర్రను వానలు పడుతున్నప్పుడో, వానలు వెనకబట్టిన కొత్తలోనో కోయించి పేర్చుకోవాలి. గాలిలో తడి ఉంటుంది, మొదటి రెండు మూడు నెలలు నిదానంగా గడుస్తాయి, చలికాలం నడిపిస్తుంది. వడగాలి వచ్చేసరికి ప్రమాదమైన దశ దాటిపోతుంది. దాటకపోతే గాలి వచ్చే వైపు గోనెపట్టాలు కట్టండి.

మామిడి అందుకు తలకిందులు. నెర్రెలివ్వడం తక్కువ, సులువుగా ఆరుతుంది. దాని శత్రువులు బూజు, పురుగు. పచ్చి మామిడి మొద్దును తడిలో పక్షం రోజులు పడేస్తే లోపల నీలి బూడిద చారలు వచ్చేస్తాయి. బలానికి పెద్ద దెబ్బ లేకపోయినా పలక అందం పోతుంది. తెల్లచెక్కలో నిలవ ఉన్న పిండిపదార్థానికి పుచ్చు పురుగు వస్తుంది. మంచం కోళ్ల కింద సన్నటి పొడి రాలుతుందే, అది దాని పనే. కాబట్టి మామిడిని కొట్టిన రోజుల్లోనే కోయించి, గాలి బాగా ఆడేలా ఎడంగా పేర్చి, వేగంగా ఆరనివ్వాలి. పొడి కాలమే దీనికి మంచిది. ఇంటి లోపల వాడే సామానుకైతే కోసిన వెంటనే పలకల్ని బోరాక్స్, బోరిక్ యాసిడ్ కరిగించిన నీళ్లలో ముంచి తీయడం మంచి అలవాటు. కేరళలో రబ్బరు చెట్ల కలప సామానుగా నిలబడింది ఈ మందుతోనే. వానలో తడిసే చోట మాత్రం ఆ మందు కడుక్కుపోతుంది.

అమావాస్య దగ్గర పడ్డప్పుడు కొడితే పుచ్చు పట్టదని పెద్దలంటారు. ఆ నమ్మకం మీద వాదన పెట్టుకోను. పిండిపదార్థం తగ్గించే తెలిసిన దారులు రెండున్నాయి. దుంగల్ని, వెదుళ్లని చెరువులో నెలల తరబడి నానబెట్టడం మన ఊళ్ల పద్ధతి; లోపలి పిండి, చక్కెరలు కొంత నీళ్లలోకి దిగిపోతాయి. నానబెట్టింది ఆరబెట్టినట్టు కాదు సుమా, తీశాక మళ్లీ పేర్చాల్సిందే. రెండోది బర్మా టేకు అడవుల పద్ధతి. చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, తెల్లచెక్క తెగేలా గాడి కొట్టి, రెండు మూడేళ్లు నిలబడినచోటే ఎండనిచ్చి తర్వాత కొట్టేవారు. పచ్చి టేకు దుంగ నదిలో సరిగా తేలదు, ఎండింది తేలుతుంది. అందుకు మొదలైన పద్ధతి అది.

జామాయిల్ గురించి ఎక్కువ చెప్పను. ఆ చెట్టు పెరిగేటప్పుడే మానులో బిగువు పేరుకుంటుంది. కొట్టగానే కొసలు నక్షత్రంలా చీలుతాయి, పలకలు కోస్తుండగానే వంగుతాయి, ఆరేటప్పుడు ముఖం ముడతలు పడుతుంది. గుంజలకు వాడండి, లేదా సారపాక కాగితం మిల్లుకి పోనివ్వండి. దానితో తలుపులు చేయిస్తానని పట్టుబట్టేవాళ్లకు ఈ అధ్యాయం ఉపయోగపడదు.

పేర్చడం

నీళ్లు నిలవని, గడ్డి లేని, గాలి ఆడే చోటు చూసుకోండి. తలుపులు మూసిన గోడౌను పనికిరాదు, ఎండ మండే మేడ పైకప్పు అసలే పనికిరాదు. నేల నుంచి అడుగున్నర ఎత్తున దిమ్మెలు కట్టి, వాటి మీద దూలాలు వేసి, దారం లాగి మట్టం చూడండి. అడుగు వరస మట్టంగా లేకపోతే పై వరసలన్నీ అదే వంకరలో ఆరి బిగుసుకుంటాయి. తర్వాత చిత్రికతో దాన్ని తీసేయాలంటే సగం మందం పోతుంది.

వరసకూ వరసకూ మధ్య అడ్డంగా వేసే రీపర్లు అంగుళం మందంవి, ఆరిన కర్రతో చేసినవి కావాలి. మందంలో తేడా ఉండకూడదు. ఇది చాదస్తంగా కనిపిస్తుంది గానీ, దొరికిన ముక్కలు అడ్డంగా వేసి పలకలన్నీ అలలు తిరిగాయని వాపోయే ఇళ్లు ఊరికి నాలుగుంటాయి. రీపరుకీ రీపరుకీ రెండడుగుల ఎడం. పలక అంగుళం కన్నా పలచనైతే అడుగున్నర. కింద రీపరు ఎక్కడుందో పై వరసలో రీపరు సరిగ్గా దాని మీదే పడాలి, ఆ నిలువు వరస కింద దూలం ఉండాలి. పలకల రెండు కొసల దగ్గరా రీపరు తప్పనిసరి. పక్క పక్క పలకల మధ్య అంగుళం సందు వదలండి. పొట్టి పలకలు పైన, పొడుగువి కింద. అన్నిటికన్నా పైన బరువు రాళ్లు పెడితే పై వరసలు మెలి తిరగవు. దాని మీద రేకో తాటాకు పందిరో, నాలుగు వైపులా రెండడుగులు బయటికి వచ్చేలా వేయండి. టార్పాలిన్‌తో నిండా చుట్టేస్తే లోపల ఆవిరి నిలిచి బూజు పడుతుంది.

కొసల్ని మాత్రం కోసిన రోజే చూసుకోవాలి. చెట్టు నీటిని నిలువునా తోడుకునేది, అందుకే కొస నుంచి నీరు పోయే వేగం పలక ముఖం నుంచి పోయేదానికి పది రెట్ల పైనే. కొస ముందే ఆరి కుదించుకుని చీలుతుంది; ఆ చీలిక అడుగు లోపలికి పోతే ఆరడుగుల పలక అయిదడుగులవుతుంది. తారో, కరిగించిన మైనమో, మిగిలిపోయిన ఎనామిల్ పెయింటో దట్టంగా రెండు పూతలు వేయండి. ఈ అధ్యాయంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ కర్రను కాపాడే పని ఇదొక్కటే.

ఎప్పుడు ఆరినట్టు

అంగుళం మందానికి ఏడాది అన్న లెక్క మన దాకా వచ్చింది చలిదేశాల నుంచి. మన దగ్గర అనుకూలమైన కాలంలో అంగుళం పలక మూడు నాలుగు నెలల్లో ఆరగలదు. మందం రెండంగుళాలైతే కాలం రెట్టింపు దాటుతుంది. ద్వారబంధపు కర్ర నాలుగంగుళాల మందం ఉంటే ఆరు నెలల్లో నడిమి దాకా ఆరదు, కానీ మొదట్లో వచ్చే పెద్ద కదలిక చాలావరకు అడితిలోనో మీ పెరట్లోనో అయిపోతుంది. గోడలోకి వెళ్లాక కదిలేది తగ్గుతుంది. నెలలు లెక్కపెట్టడం ఇంతవరకే పనికొస్తుంది. మిగతాది తూకం చెప్పాలి.

పేర్చే రోజు ఒక మామూలు పలకను నమూనాగా ఎంచుకోండి. దాని కొస నుంచి అడుగు వదిలి, అడ్డంగా అంగుళం ముక్క కోసి వెంటనే తూచండి. 186 గ్రాములుందనుకుందాం. దాన్ని వంటింటి ఓవెన్‌లో 100 నుంచి 105 డిగ్రీల వేడిలో ఉంచి, కొన్ని గంటలకోసారి తూస్తూ, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. మైక్రోవేవ్ వద్దు, లోపల మాడుతుంది. చివరికి 120 గ్రాములు తేలిందనుకోండి. పోయిన నీరు 66 గ్రాములు, 120కి 66 అంటే 55 శాతం. ఇప్పుడు మిగిలిన నమూనా పలకను కొసలకు పూత వేసి తూచండి. అది 9.3 కిలోలుంటే, 1.55తో భాగిస్తే 6 కిలోలు. ఆ పలకలో అసలు కర్ర అంతే. 12 శాతం కావాలంటే 6.72 కిలోలకు దిగాలి. ఆ అంకె పలక మీదే సుద్దతో రాసి, దొంతరలో సులువుగా లాగి తీసే చోట పెట్టి, వారానికోసారి తూచండి. మొండి కర్రయితే మొదటి వారాల్లో బరువు మరీ దూకుడుగా పడిపోతోందని కనిపించిన వెంటనే గోనెపట్టాలు దించండి. పిన్నులు గుచ్చే తేమ మీటరు కూడా దొరుకుతుంది గానీ, అది పిన్ను దిగిన లోతు వరకే చెబుతుంది, 30 శాతం పైన దాని మాట నమ్మకూడదు. పలకను మధ్యలో కోసి ఆ కొత్త ముఖం మీద గుచ్చితేనే దాని లెక్కకు విలువ.

12 అన్న అంకె కూడా ఊరిని బట్టి మారుతుంది. ఆరిన కర్ర గాలిలోని తడితో రాజీ పడి ఒక చోట ఆగుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో అది 14 శాతం దరిదాపు. హైదరాబాదు గాలి ఏప్రిల్‌లో కర్రను 7 శాతం వైపు లాగుతుంది, ఆగస్టులో 14 వైపు. తీరంలో ఎంత కాలం ఉంచినా దొంతర 12కి దిగకపోవచ్చు. అక్కడి తలుపుకి అక్కర్లేదు కూడా. ఏసీ గదిలో పెట్టే బీరువాకైతే దొంతరలో ఆరిన పలకల్ని అదే గదిలో రీపర్ల మీద కొన్ని వారాలు ఉంచి తర్వాత పని మొదలుపెట్టించండి.

ఎంత బాగా ఆరిన కర్రయినా ఏటా కొంచెం ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. 8 శాతానికీ 14 శాతానికీ మధ్య పది సెంటీమీటర్ల టేకు పట్టీ ఒక మిల్లీమీటరు పైన మారుతుంది. తలుపుకి నిలువు పట్టీలు రెండు, అంటే రెండున్నర మిల్లీమీటర్ల వరకు. ఎండాకాలంలో తలుపు బిగిస్తే మూడు మిల్లీమీటర్ల సందు వదలమని చెప్పండి, వానల్లో పట్టదు. నడిమి పలకను పట్టీల గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, జిగురు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. పాత ఇళ్ల తలుపులు తరాలు నిలిచింది ఆ వదులు వల్లే. పాలిష్ ఆరు ముఖాలకూ పడాలి. తలుపు నెత్తికీ అడుగుకీ పూత వేసే వడ్రంగి దొరికితే అతన్ని వదులుకోకండి.

మన చేతిపనులవాళ్లకు ఇదంతా చేతుల్లో ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి ముక్కల్ని సన్నని సెగ మీద కాచి తేమ తీశాకే బొమ్మకు రంగు పూస్తారు. బొబ్బిలిలో ఒకే పనస మానులోంచి వీణ తొలుస్తారు. ఆ వీణను అమెరికాలో ఉన్న కూతురికి పంపేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక: అక్కడ చలికాలంలో హీటరు నడిచే ఇంట్లో గాలి కర్రను 5, 6 శాతం వైపు లాగుతుంది. పెట్టెలో తేమ పెట్టే సాధనం ఉంచమని, హీటరు గాలి తగిలే గోడ దగ్గర పెట్టవద్దని చెప్పి పంపండి.

ఇక చెట్టు మీదే అయితే, గొడ్డలి పడకముందే చేయాల్సిన పని ఒకటుంది. సొంత పొలంలో చెట్టే కదా అని కొట్టేయడానికి లేదు. 2002 నాటి వాల్టా చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కలప రోడ్డెక్కితే రవాణా పర్మిట్ కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, మీ చెట్టు అందులో ఉందో లేదో అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి కాగితం తీసుకోండి. ఆ కాగితం అడక్కుండానే కోసిస్తానన్న మిల్లుకి మీ దుంగ తీసుకెళ్లకండి.